ఇంజనుకూ ముహూర్తం ఉంది

మన ఇళ్ళలో పెళ్ళి ముహూర్తం ఘడియ విఘడియలతో సహా పెడతారు. విఘడియ అంటే 24 సెకండ్లు. తీరా పెళ్ళికొడుకు గారు విడిదిలో ముస్తాబు ముగించేసరికి అరగంట దాటిపోతే, పురోహితుడు గారు మంత్రాల వేగం కాస్త పెంచి సర్దేస్తారు. సంసారానికేమీ లోటు రాదు. కాని సర్దుబాటు చెల్లని ముహూర్తం ఒకటున్నదని నాకు విజయవాడ ఆటోనగర్‌లో తెలిసింది. అది లారీ ఇంజనులో డీజిలు చిమ్మే ముహూర్తం.

నాకు లారీతో ఏం పని అంటారా? లారీ మా బావమరిదిది. ఆరు సిలిండర్ల పాత బండి. దాన్ని కొనడానికి వాళ్ళావిడ గొలుసు తాకట్టు పెట్టాడు. బండి ఘాటు ఎక్కనని మొరాయిస్తోంది. ఇంజను సుత్తితో కొట్టినట్లు టకటకలాడుతోంది. తోడు రమ్మంటే వెళ్ళాను.

పెట్రోలు ఇంజనులో నిప్పు రాజేయడానికి ప్లగ్గు ఉంటుంది. డీజిలు ఇంజనుకు అది లేదు. పిస్టను పైకి వచ్చి గాలిని పదహారు పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి నిప్పులా కాగుతుంది. సరిగ్గా అప్పుడు డీజిలు మంచుతుంపరలా పడితే భగ్గున అంటుకుంటుంది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఈ ఇంజనును నడిపి చూపించాడు. అయితే ఆయన డీజిలును చిమ్మడానికి గాలిని బిగించే పెద్ద యంత్రం ఒకటి తగిలించవలసి వచ్చింది. 1927లో బాష్ కంపెనీ చిన్న పంపును తయారుచేసి అమ్మకానికి పెట్టిన తరువాతనే డీజిలు లారీలకు దారి సుగమమైంది. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఆ పంపు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులో ఆరు సిలిండర్లకూ వంతులవారీగా వడ్డిస్తుంది.

వడ్డన తొందరపడితే, పైకి వస్తున్న పిస్టను నెత్తిన మంట పడుతుంది. టకటకలు, బేరింగులకు దెబ్బ, గాస్కెట్టుకు చేటు. ఆలస్యమైతే, దిగిపోతున్న పిస్టను వెంట మంట పరుగెడుతుంది. బలం తగ్గుతుంది, పొగ వస్తుంది, డీజిలు దండుగ.

మేస్త్రిగారు పెద్దవయసువారు. ముందు గాలి ఫిల్టరు, నాజిళ్ళు చూశారు. అవి బాగానే ఉన్నాయి. అప్పుడు పంపు మీద చెయ్యి వేశారు. మావాడు ఆగలేక, “మేస్త్రిగారూ, ఇంకో రెండు డిగ్రీలు ముందుకు పెట్టండి. పికప్ వస్తుందట” అన్నాడు.

“శబ్దం ఎక్కువైతే బలం ఎక్కువని ఎవరు చెప్పారు అబ్బాయ్? ఇంట్లో అరిచేవాడేనా పని చేసేది?” అన్నారాయన. మావాడు నా వంక చూశాడు. నేను పంపు వంక చూశాను.

మొదటి సిలిండరును నొక్కుడు దెబ్బకు తెచ్చారు. ఆ సిలిండరుకు వెళ్ళే గొట్టం తీసి, పంపులోని చిన్న వాల్వునూ స్ప్రింగునూ బయటపెట్టి, మెడ వంచిన సన్న గొట్టం బిగించారు. చేతిపంపు కొడుతుంటే దాని మూతి నుంచి డీజిలు ధారగా కారింది. కుర్రవాడు ఇంజనును అది తిరిగే దిక్కుకే మెల్లగా తిప్పుతున్నాడు. వెనక్కి తిప్పితే పళ్ళచక్రాల మధ్య సందు మోసం చేస్తుందట. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగింది. ఆ ఆగిన క్షణమే వడ్డన మొదలయ్యే క్షణం. వెంటనే ఫ్లైవీలు మీద గీతలు చూశారు. ఆ ఇంజను పుస్తకంలో ఉన్న అంకె కంటే ఆరు డిగ్రీలు ముందున్నది! ఎవరో పికప్ కోసం జరిపి ఉంటారు.

ఆరు డిగ్రీలంటే ఎంతనుకున్నారు? నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజనులో సెకండులో రెండువేలవ వంతు. విఘడియ దాని ముందు యుగం కింద లెక్క.

పంపు బోల్టులు వదులు చేసి, పంపును వేలితో జరిపినంత జరిపి, బిగించి, చుక్క లెక్క మళ్ళీ మూడుసార్లు చూసుకున్నారు. వాల్వు యథాస్థానంలో పెట్టి, గొట్టాల్లో గాలి వదిలించి స్టార్టు చేశారు. టకటకలు పోయి ఇంజను నిదానంగా గురగురలాడింది. మావాడి ముఖం వాడిపోయింది. “బావా, బలం తగ్గినట్లుంది” అన్నాడు నా చెవిలో. మేస్త్రిగారు విననే విన్నారు. “చెవితో కాదు, లోడుతో చూడు” అన్నారు. వారం తరువాత మావాడు ఫోను చేశాడు. లోడుతో ఘాటు ఎక్కిందట. ఇంజను విప్పించే ఖర్చు తప్పిందన్న సంగతి మాత్రం వాళ్ళావిడ చెప్పింది.

ఇప్పటి కొత్త లారీల్లో ఈ ముహూర్తం కంప్యూటరే పెడుతుంది. అయినా పాత బండ్లు ఇంకా ఎందరి సంసారాలనో మోస్తున్నాయి. మీ వాళ్ళలో ఎవరికైనా అలాంటి బండి ఉంటే రెండు మాటలు చెప్పండి. ఒక ఇంజను అంకె మరో ఇంజనుకు పనికిరాదు. దాని పుస్తకమే ప్రమాణం. నడుస్తున్న ఇంజనులో కారే గొట్టం దగ్గర చెయ్యి పెట్టవద్దు. ఆ సన్నధార చర్మంలోకి దూసుకుపోతుంది. చెవికి ఇంపైనది ఇంజనుకు హితం కావాలని లేదు. తీర్పు చెప్పవలసింది ఆ ఆగిపోయే చుక్క.