పాట ఎవరిదమ్మా?

కిందటేడు సద్దుల బతుకమ్మకు బోధన్ దగ్గర మా చిన్నమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళాను. నిజామాబాద్‌లో మా కాలనీ ఆడవాళ్ళం డీజే పాటలకే ఆడుతున్నాం. ఊళ్ళోనైనా చప్పట్ల మధ్య నోటి పాట వినొచ్చని ఆశపడ్డాను. అక్కడా డీజేనే! కానీ అందులోంచి వచ్చిన ఒక పాట విని నిలబడిపోయాను. కీబోర్డూ, కొత్త దరువూ తొడిగారు గానీ, అది మా చిన్నమ్మ కట్టిన పాట.

చెరుకు నరికే కూలి ఆడవాళ్ళ మీద, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ కూత మీద ఎప్పుడో కట్టింది. 1937 నాటి ఆ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక, ఆగిపోయిన కూత గురించి మరో రెండు చరణాలు కలిపింది. ఎవరో కుర్రాడు ఫోన్‌లో రికార్డు చేసుకుపోయి యూట్యూబులో పెట్టాడట. చూస్తే, రచన అన్న చోట ‘జానపదం’ అని ఉంది.

"నీ పేరేది చిన్నమ్మా?" అన్నాను.

"నాదని ఎట్లంటనే బిడ్డా! అందరం పాడుకున్నం గద" అని నవ్వింది. కాసేపాగి, "రాస్తే బాగుండు" అంది మెల్లగా.

ఆ రాత్రి నాకు ‘సారంగదరియా’ గొడవ గుర్తొచ్చింది. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమా కోసం ఆ జానపదాన్ని సుద్దాల అశోక్‌తేజ తిరగరాశారు, మంగ్లీ పాడింది. ఊరూవాడా మోగిపోతుంటే, ‘రేలా రే రేలా’ టీవీ కార్యక్రమంలో ఈ పాటను ముందే పాడానని, వెలికితెచ్చింది తానేనని జానపద గాయని కోమలి గొంతు విప్పింది. ఆమెకు పేరూ, పారితోషికమూ ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. అడిగింది కాబట్టి ఆమె పేరు మనకు తెలిసింది. మరి ఆ పాటను మొదట కట్టిన తల్లి ఎవరో?

మంగ్లీని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అనంతపురం జిల్లా తండాలో పుట్టిన సత్యవతి తిరుపతిలో సంగీతం నేర్చుకుని, టీవీలో ‘మాటకారి మంగ్లీ’గా పేరు తెచ్చుకుని, జానపదాలు పాడి సినిమా దాకా ఎదిగింది. ఆ దారి చూసి మన తండాల్లో ఎందరు ఆడపిల్లలు ధైర్యం తెచ్చుకున్నారో! కొత్త వాయిద్యాలు చేరబట్టే పాత పాట పిల్లల చెవిన పడుతోంది. అదీ మంచిదే.

కానీ ఒకటి గమనించారా? గద్దర్ పాట, గోరటి వెంకన్న పాట అంటాం. వెంకన్నగారి ‘వల్లంకి తాళం’కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. పాట కట్టి పాడే మనిషికి అంతటి గౌరవం దక్కడం మనందరికీ గర్వమే. ఆడవాళ్ళలో విమలక్క వంటివారి పేర్లు ఉద్యమ వేదికల మీద నిలిచాయి. నాట్ల దగ్గర, తిరగలి దగ్గర, బతుకమ్మ చుట్టూ పాటలు అల్లిన ఆడవాళ్ళకు మాత్రం అంతా కలిపి ఒకటే పేరు, జానపదం!

చట్టం లేదా అంటే, ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక సినిమా పాట రాసినవాళ్ళకు రాయల్టీలో వాటా హక్కు వచ్చింది. కానీ చట్టం ముందు అడిగేది రాసిందెవరని. మనమే చెప్పకపోతే ఎవరు చెబుతారు?

వంటలో ఉప్పు తగ్గితే వండిందెవరని అడుగుతాం. బాగుంటే చడీచప్పుడు లేకుండా తినేస్తాం. పాట దగ్గరా అంతేనా?

నేను రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. చిన్నమ్మ పాడుతుంటే పదకొండు పాటలు రాసుకున్నాను. ప్రతి పాట పైన ఆమె పేరు, ఊరి పేరు, ఏ ఏడు కట్టిందో రాశాను. ఏడు గుర్తులేని చోట "ఫ్యాక్టరీ బందు కాకముందు" అనో, "పెద్దోని పెండ్లప్పుడు" అనో ఆమె చెప్పినట్టే రాశాను. చదువురాని చిన్నమ్మ "నా పేరు ఏడుంది?" అని అడిగి, అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది.

ఈ బతుకమ్మకు మీ ఇంట్లోనో, మీ వాడలోనో పాట అందుకునే పెద్దమ్మ ఉంటే, ఫోన్‌తో వీడియో తీసే ముందు ఒక్క మాట అడగండి. "ఈ పాట ఎవరు కట్టిండ్రమ్మా?" అని. ఆ పేరు కూడా పాటతో పాటే పెట్టండి.