కంటికీ ఉంది ఐపీఎల్!

ధర్మవరం పట్టుచీరలో జరీ పోగు ఎక్కడ తప్పిందో పట్టుకోవాలంటే మగ్గం మీదున్న మనిషి రెప్ప వాల్చకుండా చూడాలి. పెనుకొండ చుట్టుపక్కల వేరుసెనగ చేలల్లో పనిచేసేవాళ్ల కళ్లలోకి ఎండతోపాటు దుమ్ముగాలీ కొడుతుంది. హిందూపురంలో కొట్లోనో ఆఫీసులోనో కూర్చునేవాళ్లకి కంప్యూటరూ సెల్‌ఫోనూ ఉండనే ఉన్నాయి. పనులు వేరైనా వయసు మీదపడ్డాక చాలామంది చెప్పేది ఒకటే... 'కళ్లల్లో ఇసుక పోసినట్టుంది' అని. శుక్లం ఆపరేషన్ చేయించుకుంటే ఈ బాధా పోతుందనుకుంటారు. పోదు సరికదా, కొన్నాళ్లు పెరగొచ్చు కూడా!

ఎందుకలా?

కంటి మీద సన్నని కన్నీటి పొర ఉంటుంది. అది ఆవిరైపోకుండా కాపాడే నూనెను రెప్పల అంచుల్లోని మీబోమియన్ గ్రంథులు అందిస్తాయి. ఇవి పూడుకుపోయినా, పనిలో పడి రెప్పలు కొట్టడం తగ్గినా కన్ను పొడిబారుతుంది. ఆపరేషన్‌లో పెట్టే గాటుకి కార్నియాలోని సన్నని నరాలు కొన్ని తెగుతాయి. దాంతో పొడి ఇంకాస్త ఎక్కువవుతుంది. చాలామందిలో ఇది మూడు నెలల్లో సర్దుకుంటుంది.

అసలు చిక్కు ఆపరేషన్‌కి ముందే ఉంది. కంట్లో అమర్చే లెన్సు పవర్‌ని కార్నియా వంపు కొలిచి నిర్ణయిస్తారు. పైన తడి సమంగా లేకపోతే ఆ కొలత తప్పొచ్చు. ఆపరేషన్ బాగానే జరిగినా చూపు అనుకున్నంత స్పష్టంగా రాదు. అందుకే ముందుగా పొడి తగ్గించి, ఆ తర్వాత కొలతలు తీసుకోవడం మేలు.

వెలుగుతో వైద్యం

ఈ మధ్య వినిపిస్తున్న ఐపీఎల్ క్రికెట్ కాదు... ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్. కళ్లకు రక్షణ కవచం పెట్టి, కింది రెప్పల దిగువన చర్మం మీద వెలుగును విడతలుగా ప్రసరింపజేస్తారు. దీనివల్ల వాపు తగ్గి, గడ్డకట్టిన నూనె కరుగుతుందని భావిస్తారు. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో సాధారణంగా నాలుగుసార్లు చేస్తారు. అమెరికా ఎఫ్‌డీఏ 2021లో దీనికి అనుమతినిచ్చింది. అయితే అంతకుముందు ఏడాది వచ్చిన కాక్రేన్ సమీక్ష, ఆధారాలు ఇంకా చాలవని తేల్చింది.

ఇది గ్రంథులు పూడుకుపోయినవారికే. కన్నీరే తక్కువగా ఊరేవారికి అంతగా ఉపయోగపడదు. పైగా చర్మం రంగు ముదురుగా ఉంటే కాలడం, మచ్చలు పడటం జరగొచ్చు. ఎండలో నల్లబడిన మన సీమవాసులు ఈ సంగతి తప్పక అడిగి తెలుసుకోవాలి. అన్నట్టు, సూర్యుణ్ని చూస్తే ఈ ఫలితమే వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కంటి తెరే దెబ్బతింటుంది!

ముందు ఇవి...

* గరగర, మంట, ఊరికే నీరు కారడం ఉంటే ఆపరేషన్‌కి ముందే డాక్టరుకి చెప్పండి. కన్నీటి పరీక్షలు నిమిషాల్లో అయిపోతాయి.

* గోరువెచ్చని కాపడం, రెప్పల అంచుల శుభ్రం, డాక్టరు రాసిన కన్నీటి చుక్కలు... చాలామందికి వీటితోనే ఉపశమనం దొరుకుతుంది.

* ఆపరేషన్ అయ్యాక డాక్టరు సరేననేదాకా కాపడం వద్దు, కన్ను నలపనే వద్దు.

* మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు కొనకండి. కంట్లో ఒత్తిడి పెరగొచ్చు.

* ఆపరేషన్ తర్వాత నొప్పి, ఎరుపు పెరుగుతున్నా, చూపు తగ్గినా 'పొడే కదా' అని ఊరుకోవద్దు. అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.