మన క్రింద పనిచేసేవారు



ఈ నెల మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొని మొదలుపెడుతున్నాము.

నెలకొకసారి మా ప్రాంతపు ఉపదేశులందరూ నంద్యాలలో కూడుకొంటారు. ఆ కూడికకు పెద్దగా ఉన్నది మేమే. పది గంటలకు ప్రార్థన, తరువాత కానుకల లెక్కలు, గ్రామ సంఘాల సంగతులు. కొన్ని సంవత్సరాల క్రితం, సెప్టెంబరు నెలలో, ఆళ్లగడ్డ అవతల పల్లె నుండి రావలసిన ఉపదేశి ఒంటిగంటకు వచ్చాడు. వరుసగా అది రెండవ నెల. వయసులో మాకంటె పెద్దవాడు. చెప్పులు బయట విడిచి, తలుపు దగ్గరే కూర్చోబోయాడు.

"ఏమయ్యా, సేవ కంటె నీకు పెద్ద పని ఏముంది?" అని ఇరవైమంది ముందు అడిగాము. "తప్పయింది అయ్యగారూ" అని మాత్రం అన్నాడు. లెక్కల పుస్తకం చేతికిచ్చేటప్పుడు ఆయన వేళ్ళ కొనలు పచ్చగా ఉండడం చూశాము. చూశాము గాని అడగలేదు. భోజనాల వేళ ఆయన కనిపించలేదు. అది కూడా మేము పట్టించుకోలేదు.

సాయంత్రం ఇంకొక ఉపదేశి ఉండబట్టలేక అసలు సంగతి చెప్పాడు. ఆయన భార్య విత్తన పత్తి చేలో క్రాసింగ్ పనికి పోతుంది. ఆమెకు పదిరోజులుగా జ్వరం. ఆ పని ఎరిగినవారికి తెలుసు, అందులో "రేపు చేద్దాం" అనడానికి లేదు. ఈ సాయంత్రం ఆడ వరుసల్లో మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను ఏరి, వాటి కేసరాలను గోటితో తీసివేయాలి. మరునాటి ఉదయం మగ వరుసల పువ్వులు తెచ్చి, ఒక్కొక్కదానికి పుప్పొడి రాయాలి. ఆ పూట దాటితే పువ్వు పనికిరాదు, కాయ నిలవదు. మనిషి రాకపోతే మేస్త్రీ ఆ వరుసలు ఇంకొకరికి ఇస్తాడు, ఆ కాలమంతటి కూలి పోతుంది. అందుకని ఉపదేశి తానే పొద్దున్నే చేలోకి వెళ్ళి, భార్య వరుసలు ముగించి, ఆళ్లగడ్డకు వచ్చి బస్సు పట్టుకొన్నాడు. ఆళ్లగడ్డకు రైలు లేదు, నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. ఆ వేళ్ళకు అంటినది పుప్పొడి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కారణం ముందే తెలిస్తే తిట్టేవారము కాము గదా అని మనసుకు సర్ది చెప్పుకోబోయాము. అది సాకు. కారణం తెలుసుకొనే పని ఎవరిది? తలుపు దగ్గర నిలబడినవాడిదా, కుర్చీలో కూర్చున్నవాడిదా?

మన తెలుగు దేశపు సంఘ చరిత్రలో ఈ విషయమై మేము తరచుగా తలచుకొనే ఒక సంగతి ఉన్నది. 1876 నుండి 1878 వరకు వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పటి మన కర్నూలు జిల్లా మిక్కిలిగా నాశనమైంది. 1871 లెక్కలతో పోల్చితే 1881 నాటికి జిల్లాలో జనం సుమారు నాలుగవ వంతు తగ్గిపోయారు. అప్పుడు ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు అమెరికన్ బాప్తిస్టు మిషనరీగా ఉన్నారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్విస్తుంటే, ఆయన మూడున్నర మైళ్ళ కాలువకు తానే కాంట్రాక్టు తీసుకొన్నారు. యౌవనంలో సర్వే పని నేర్చినవాడు గనుక కొలతలు ఆయనకు కొత్త కాదు.

మిషనరీకి కాంట్రాక్టు ఎందుకు అని అడుగవచ్చును. ఆకలితో వచ్చిన ప్రజలు, ముఖ్యంగా మాదిగ కుటుంబాలవారు, వేరే పనిచోట్ల మేస్త్రీల కసురులకు, దెబ్బలకు బెదిరి నిలువలేకపోయారు. క్లౌ గారు తన బోధకులనే పనిమీద పెద్దలుగా పెట్టారు. వారిలో ఎక్కువమంది ఆ పేటలలో పుట్టినవారే. తట్ట మోస్తున్న మనిషి ఎందుకు కూలబడ్డాడో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అలసినవారు కూర్చుంటే వారి ప్రక్కన కూర్చొని, ప్రయాసపడి భారము మోసేవారిని ప్రభువు పిలిచిన పిలుపును గూర్చి మాట్లాడేవారు. అయినా కాలువ పని ఆగలేదు. కాంట్రాక్టు పూర్తి చేసి అప్పగించారు. కనికరిస్తే పని సాగదని వాదించే మన మేస్త్రీలు, మేనేజర్లు ఈ మాట గమనించాలి.

ఇంకొక సంగతి మాకు చాలా నచ్చుతుంది. కూలి కోసం, అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు కాలమంతా ఆయన బాప్తిస్మమివ్వడం ఆపివేశారు. తన చేతి క్రింద ఉన్నవారి అవసరాన్ని తన లాభానికి వాడుకొనలేదు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన ప్రసంగీకులు గొప్పగా చెబుతారు. ఆ కాలువ గట్టును అంతగా చెప్పరు.

బోయజు సంగతి మీకు తెలిసినదే. అయినా రూతు గ్రంథం రెండవ అధ్యాయం ఈసారి కోతకూలి కన్నుతో చదవండి. పరిగె ఏరుకొనే పరదేశి స్త్రీని గూర్చి ఆయన మొదట తన పనివారిమీద ఉన్న మనిషిని అడిగి తెలుసుకొంటాడు. ఆమెను ముట్టవద్దని పనివాళ్ళకు ఆజ్ఞ ఇస్తాడు. దాహమైతే ఏ కుండ దగ్గరకు పోవాలో చెబుతాడు. భోజనవేళ దగ్గరకు పిలిచి, పేలాలు తానే అందిస్తాడు. ఆమె సిగ్గుపడకుండ ఏరుకొనేలా కొన్ని పరకలు కావాలనే పడవేయండి అని పనివాళ్ళతో చాటుగా చెబుతాడు. మేము ఇరవైమంది ముందు చేసినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

మా పాఠకులలో ముఠా మేస్త్రీలు ఉన్నారు, బడి హెడ్మాస్టర్లు ఉన్నారు, విత్తనాల కంపెనీల్లో సూపర్‌వైజర్లు, నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల్లో లెక్క చూసేవారు ఉన్నారు. మీ కష్టం కూడా మాకు తెలుసు. పైవాడు మిమ్మల్ని నొక్కుతాడు. ఫరో గడ్డి ఇవ్వకుండ ఇటుకల లెక్క తగ్గించనప్పుడు దెబ్బలు తిన్నది ఇశ్రాయేలీయుల మీద ఉంచబడిన నాయకులే (నిర్గమ. 5). అయినా పైనుండి వచ్చిన దెబ్బను క్రిందికి దించడం, ఒక్క ప్రశ్న అడగడం, ఈ రెంటిలో ఏది చేయాలన్నది మీ చేతిలోనే ఉంటుంది.

మరుసటి వారం మేము ఆళ్లగడ్డ బస్సెక్కి ఆ పల్లెకు వెళ్ళాము. ఆమెకు జ్వరం తగ్గింది గాని నీరసంగా ఉన్నది. ఉపదేశి చేలో ఉన్నాడు. మేమూ వరుసలోకి దిగి, చూపించమన్నాము. అరగంటలో నడుము పట్టేసింది. నాలుగు మొగ్గలు విరగ్గొట్టాము. "అయ్యగారూ, మీరు గట్టుమీద కూర్చోండి, నాకు నష్టం" అని నవ్వాడు. అప్పుడు క్షమించమని అడిగాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆలస్యానికి కోప్పడితే బాధ లేదయ్యగారూ. అందరూ వింటుండగా సేవ మీద ప్రేమ లేదన్నట్లు అన్నారే, అది ఇంటిదానికి చెప్పలేకపోయాను" అన్నాడు.

వచ్చే కూడికలో అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకొన్నాము. చెప్పేటప్పుడు గొంతు పట్టింది. అప్పటి నుండి క్రాసింగ్ కాలమంతా కూడిక రెండు గంటలకు మొదలవుతుంది, ముందు అన్నం పెట్టి తరువాత లెక్కలు చూస్తాము. ఆళ్లగడ్డ వైపు వారు తిరిగి బస్సు అందుకోవాలి గనుక ప్రసంగం తగ్గించాము. ఆ తగ్గింపుకు ఎవరూ ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.