‘ట్యాంకు’ శబ్దం – అర్థవిచారం

ఆంగ్లంలోని ‘ట్యాంక్’ శబ్దం నానార్థకం. నీటితొట్టి, చమురుతొట్టి, 1916 నుండి యుద్ధశకటం, భారతీయాంగ్లంలో చెరువు - అన్నీ దాని అర్థాలే. జలాశయానికి అమరకోశం తటాకం, కాసారం, సరస్సు మొదలైన పర్యాయపదాలను చెప్పింది. తెలుగువారు పరిమాణాన్ని బట్టి కుంట, చెరువు, సముద్రం అన్నారు. జనగామ రైతుకు కుంట వేరు, చెరువు వేరు. భూపాలపల్లి ప్రాంతపు గణపురంలోనిది గణపసముద్రం. మహబూబాబాదు ప్రాంతపు బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ నిర్మింపజేసినది ధర్మకీర్తి సముద్రమని అచ్చటి శాసనం చెబుతున్నది. ఆంగ్ల వ్యాసాలలో ఇవన్నీ ‘ట్యాంకు’లే. వాటి నుండి తెనిగించేవారు ఆ మాటనే నిలిపితే నేటి పాఠకునికి స్ఫురించేది మిద్దెపైని నీటితొట్టి. కాకతీయుల సముద్రం కాదు. కనుక పరిశోధకులు మూలశాసనంలోని పదాన్నే గ్రహించడం సముచితం.