హైదరాబాదు పచ్చగా ఉందట!

ఏటా ఉండే తంతే. "ఉద్యోగుల సంతోషం" సర్వే ఫలితాలు స్లైడెక్కాయి. మా హైదరాబాదు ఆఫీసు పచ్చరంగు, టోక్యో ఎర్రరంగు. పైవాళ్ళు తేల్చిందేంటంటే ఇండియాలో అంతా బ్రహ్మాండం, ఇక జపాన్ సంగతి చూడాలి. రాత్రి పదకొండింటికి అమెరికా కాల్లో కూర్చుని ఇది వింటుంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

అసలు ఒకే స్కేలుతో అన్ని దేశాల్నీ కొలిచి, సగటులు పక్కపక్కన పెట్టడమే తప్పు. 1 నుంచి 5 దాకా మనిషి ఎక్కడ టిక్కు పెడతాడన్నది సంతోషాన్ని బట్టే కాదు, పెరిగిన పద్ధతిని బట్టి కూడా ఉంటుంది. ఇదేం నా సొంత కవిత్వం కాదు. 1989లో హుయి, ట్రియాండిస్ అమెరికా నేవీలో చేరినవాళ్ళ మీద చూశారు. 5 పాయింట్ల స్కేలిస్తే హిస్పానిక్ వాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువగా రెండు చివర్లకీ పోయారు. 10 పాయింట్లిస్తే ఆ తేడా మాయం!

జపాన్ వాళ్ళకి ఉట్రెక్ట్ ఎంగేజ్‌మెంట్ స్కేలులో స్కోర్లు తక్కువొస్తాయి. 2010లో షిమాజు బృందం ప్రశ్న ప్రశ్నా విడదీసి చూసి, ఉత్సాహాన్ని పైకి చెప్పుకోకపోవడం దానికో కారణం అంది. (అలాగని అక్కడంతా సుఖమేనని కాదండోయ్. పనిచేసి చేసి చచ్చిపోవడానికి "కరోషి" అని పేరు పెట్టుకున్న దేశం అది.)

మరి మన సంగతి? ఆరుగురున్న టీములో "పేర్లు బయటపెట్టం" అంటే ఎవడు నమ్ముతాడు? లింకొచ్చిన గంటకే మేనేజరు "గైస్, మంచి రేటింగ్ ఇవ్వండి" అని చాట్‌లో పెడతాడు. పాపం ఆయన మంచోడే, తక్కువేస్తే ఆయన అప్రైజల్‌కే దెబ్బ. అందుకే 5. గాలప్ వాళ్ళ పన్నెండు ప్రశ్నల్లో ఆఫీసులో బెస్ట్ ఫ్రెండున్నాడా అని ఒకటి. ఉండక? రెఫరల్ ఇచ్చిందే వాడు, పీజీలో రూమ్మేటూ వాడే!

"అయితే కొలవొద్దంటావా?" అంటారు. ఒకే ఆఫీసుని నిరుటితో పోల్చండి, కొంత అర్థముంది. దేశాల మధ్య పోల్చాలంటే ముందు ఆ ప్రశ్నలు రెండు చోట్లా ఒకేలా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. దానికి మెజర్‌మెంట్ ఇన్వేరియన్స్ అనే లెక్క ఉంది. ఎ/బి టెస్టు చెయ్యందే బటన్ రంగు కూడా మార్చని కంపెనీలకి ఇదో లెక్కా?

అంత ఓపిక లేకపోతే మమ్మల్నేమీ అడగక్కర్లేదు. రాత్రి తొమ్మిది దాటాక ఎన్ని కాల్స్ పెట్టారు, అడిగిన సెలవుల్లో ఎన్ని తిప్పికొట్టారు, శని ఆదివారాల్లో ఎన్ని డిప్లాయ్‌మెంట్లు... అన్నీ మీ సర్వర్లలోనే ఉన్నాయి. హైదరాబాదువీ డాలస్‌వీ తీసి పక్కపక్కన పెట్టండి ముందు.