విమానం జాతకం

మార్చి నెల. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉండే కాలం. 2024లో అలాంటి రోజుల్లోనే, 18వ తేదీన, అద్దంకి దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీలనూ బస్సులనూ పక్కదారి పట్టించారు. ఎందుకంటారా? విమానం దిగాలి మరి! కొరిశపాడు దగ్గర ఆ రోడ్డునే 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున రన్‌వేగా వేశారు, అత్యవసరమైతే వాడుకునేందుకు. ఆ రోజు సుఖోయ్‌లూ హాక్‌లూ నేలను తాకకుండానే రివ్వున దూసుకుపోయాయి. ఏఎన్‌-32, డోర్నియర్ రవాణా విమానాలు మాత్రం నిజంగానే దిగి, మళ్లీ లేచి వెళ్లాయి.

వాటిలో ఏఎన్‌-32ది పాత కాపే. కీవ్‌లోని ఆంటొనోవ్ సంస్థ రూపొందించిన ఈ రకం 1984 నుంచి మన వాయుసేనలో బరువులు మోస్తోంది. మండే ఎండల్లోనూ, ఎత్తయిన కొండల మీదా పనిచేయాలని దీనికి బలమైన ఇంజిన్లు పెట్టారు. వాటి పంకాలు బాగా పెద్దవి. అందుకే ఇంజిన్లు రెక్కల కింద కాకుండా పైన ఉంటాయి. దూరం నుంచి చూసినా ఇట్టే గుర్తుపట్టొచ్చు.

రకాన్ని గుర్తుపట్టడం తేలికే. కానీ అది ఏ విమానం? పాత సైనిక విమానాల చరిత్ర తవ్వేవాళ్లు మొదట అడిగేది ఇదే. అందుకు వాళ్లు వెతికేది తోక దగ్గర రాసి ఉండే నంబరు. ప్రతి విమానానికీ ఓ లాగ్‌బుక్కు ఉంటుంది. ఎప్పుడు చేరింది, ఎన్ని గంటలు ఎగిరింది, ఎప్పుడు మరమ్మతుకెళ్లింది... అన్నీ అందులో రాయాల్సిందే. ఇంజిన్‌కు మళ్లీ వేరే పుస్తకం. ఒకదాని ఇంజిన్ ఊడదీసి మరోదానికి బిగిస్తే ఆ సంగతీ ఎక్కుతుంది. ఓ రకంగా అది విమానం జాతకం. గుమస్తా పనిలా కనిపించే ఈ రాతకోతలకు విలువేముందని ఎవరికైనా అనిపిస్తే, కె-2743 కథ వినాలి.

2016 జులై 22 ఉదయం చెన్నై దగ్గరి తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన ఏఎన్‌-32 నంబరది. అందులో 29 మంది ఉన్నారు. వాళ్లలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. డ్యూటీ మీద వెళ్తున్నారు. తొమ్మిది దాటాక బంగాళాఖాతం మీద, 23 వేల అడుగుల ఎత్తులో ఉన్న విమానం ఉన్నట్టుండి ఎడమవైపు తిరిగి, వేగంగా కిందికి దిగుతూ రాడార్ నుంచి మాయమైపోయింది. ఓడలు, విమానాలు వారాల తరబడి గాలించాయి. నీటి అడుగు నుంచి సంకేతాలు పంపే పరికరం ఆ విమానంలో లేదు. సెప్టెంబరులో, 29 మందీ మరణించినట్లే భావిస్తున్నామని వాయుసేన కుటుంబాలకు తెలియజేసింది. 'భావిస్తున్నాం' అన్న ఆ ఒక్క మాటతోనే విశాఖలో ఎనిమిది ఇళ్లవాళ్లు ఏళ్లకేళ్లు గడపాల్సి వచ్చింది. ఇంటిమనిషి లేడని నమ్మడానికి ఓ ఆధారం ఉండాలి కదా.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, మనిషి లేకుండా సముద్రపు అడుగున తిరిగే ఓ యంత్రాన్ని విమానం చివరిసారి కనిపించిన ప్రాంతంలోకి దించింది. అది ధ్వని తరంగాలతో అడుగును జల్లెడపట్టి, ఫొటోలు తీసింది. చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున విమాన శకలాలు కనిపించాయి. తిరుమల కొండ ఎత్తుకు దాదాపు నాలుగు రెట్ల లోతు! 2024 జనవరి 12న రక్షణ శాఖ ఈ సంగతి ప్రకటించింది.

మరి అది కె-2743 శకలమేనని ఎలా చెప్పారు? అంత లోతున పడున్నదాన్ని పైకి తీసి చూసిందేమీ లేదు. ఫొటోల్లోని భాగాలు ఏఎన్‌-32తో సరిపోలాయి. కానీ అలాంటివి మన వాయుసేనకు వందకు పైగానే వచ్చాయి. అక్కడే పాత రికార్డులు అక్కరకొచ్చాయి. ఆ ప్రాంతంలో మరే విమానమూ తప్పిపోయినట్లు నమోదు కాలేదు. కాబట్టి అది కె-2743దే అయి ఉంటుందని ప్రకటన తేల్చింది. లేనిదాన్ని కూడా లెక్కరాసి ఉంచడంవల్ల తేలిన నిజమిది.

జాడ తెలియకుండా పోయిన ఏఎన్‌-32 మరొకటుంది. 1986 మార్చి 25న, సోవియట్ యూనియన్ నుంచి కొత్తగా వస్తూ మస్కట్‌లో ఆగి, జామ్‌నగర్ వైపు బయల్దేరింది కె-2729. అందులో ఏడుగురున్నారు. అరేబియా సముద్రం మీద మాయమైన ఆ విమానం ఇప్పటికీ దొరకలేదు.