తప్పా? మార్పా?

నవల చలనచిత్రమైనప్పుడు మూలంలో లేనిదంతా తప్పేనని తీర్పు చెప్పడం మనకు పరిపాటి. 2005లో విడుదలైన ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ అనే హాస్య వైజ్ఞానిక చిత్రాన్నే తీసుకొందాము. అందలి హుమ్మా కవూలా పాత్ర నవలలో లేదు. అయితే, ఆ పాత్రను చిత్రం కొరకు సృష్టించినవారు మూలరచయిత డగ్లస్ ఆడమ్స్‌గారే! 1978లో బి.బి.సి. రేడియో నాటికగా పుట్టిన కథను ఆయన 1979లో నవలగా మలచినప్పుడే ఎన్నో మార్పులు చేశారు. 1981 నాటి టెలివిజన్ ధారావాహికలోని మార్విన్ మరమనిషి ఈ చిత్రంలో ఒక వరుసలో నిలబడి కనిపించడం కూడ పొరపాటు కాదు, పాత రూపానికి చేసిన వందనం. కనుక విద్యార్థులు తప్పులెన్నే ముందు ఆ మార్పు ఎవరు, ఎందుకు చేశారో విచారించవలెనని మా మనవి. ఆ విచారణయే విమర్శకు తొలిమెట్టు.